ఎండవైపు టైరు

మా బావమరిది కారు అమ్మేస్తానన్నాడు. వాడి నడుం పోయిందట. తిన్నని రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన దూసుకుపోయే పందేలు వాడివి. వాటికి టైర్లలో గాలి చూసేది నేను. మా ఆవిడ పోయాక నా గుమ్మం తొక్కేది వాడొక్కడే, అదీ మా షెడ్డులో ఉన్న కారు కోసం. కారు పోతే ఆ రాకా పోతుంది.

కొనే ఆయనకి పెట్రోలు బంకు ఉంది. ఆ ఉదయం ట్రాక్ దగ్గరికి వచ్చాడు.

"తిన్నగా పోతే ఇప్పుడే తీసుకుపోతా. వంకర పోయిందా, నాకొద్దు."

"మూడో పరుగు చూడండి సార్. ముందు రెండూ మా బావ గాలి ముచ్చట కోసం" అన్నాడు బావమరిది.

మొదటిసారి వెనక టైర్లు గిర్రున తిరిగాయే గాని కారు వేగం అందుకోలేదు. రోడ్డు మీద టైరు చార చూశాను. నడుమ నలుపు, అంచులు వెలితి. గాలి ఎక్కువైంది. కాస్త వదిలాను. రెండోసారి అంచులు నల్లబడి నడుమ వెలిసింది. మరీ వదిలేశానన్నమాట. రవ్వంత గాలి కొట్టి రెండు టైర్లూ సమానం చేశాను.

మూడో పరుగుకి వరసలో చాలాసేపు ఆగాం. ఎడమ టైరు ఎండలో ఉంది, కుడిది గోడ నీడలో. అరచెయ్యి ఆనించాను. ఎడమది కాలుతోంది. వేడికి దాంట్లో గాలి బిగుస్తుంది. ఇలాగే వదిలితే కారు ఓ పక్కకి లాగేస్తుంది.

నేను చెయ్యాల్సిందేమీ లేదు. నోరు మూసుకుంటే చాలు. అది నాకు కొత్త కాదు. బంకాయన వద్దంటాడు, కారు మళ్లీ షెడ్డుకొస్తుంది.

"గాలి సరిపోయిందా బావా?"

నేను వంగి టైరు దుమ్ము దులిపాను.

"నీ నోట మాట రావాలంటే నీకూ పంపు పెట్టాలయ్యా" అని నవ్వి లోపల కూర్చున్నాడు. బెల్టు బిగించుకుంటూ నొప్పికి మొహం ముడిచాడు. ట్రాక్ పక్కన సిమెంటు గోడ. లాగితే అటే పోతాడు.

"ఉండరా. ఎండ తగిలింది" అన్నాను.

ఎడమదాంట్లో గాలి తీసి కుడిదానికి సమానం చేశాను.

కారు దారం పట్టినట్టు పోయింది. చారలు రెండూ నిండుగా, నల్లగా పడ్డాయి. బంకాయన చప్పట్లు కొట్టాడు. కారుని లారీ ఎక్కించి తాళ్లు నేనే బిగించాను.

లారీ మలుపు తిరిగాక బావమరిది, "ఆదివారం వస్తాలే బావా" అన్నాడు.

"దేనికి?"

తల గోక్కున్నాడు.

"ఊరికే."

మా ఇంటికి ఊరికే ఎవరూ వచ్చి ఎరగరు.