పేరు అడగని సర్వే

ఆగండి, ఒక్క నిమిషం ఆగి ఇది వినండి!

కోరుట్లలో ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీ బ్రాంచి. సోమవారం పొద్దున ఎప్పటిలాగే అందరూ చప్పట్లు కొట్టి కంపెనీ ప్రతిజ్ఞ చదివారు. తర్వాత మేనేజర్ మధుకర్ వేడివేడి మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆ బ్రాంచిలో పనిచేసే శ్వేతకు అక్కడే అనుమానం వచ్చింది. మూడేళ్లలో ఈ మనిషి చాయ్ కూడా తాగించింది లేదు!

"సర్వే అచ్చింది. ఆఫీసుల మీరెట్లున్నరో హెడ్డాఫీసోళ్లు అడుగుతున్నరు. పేరు గీరు ఏం ఉండది, మనసుల ఉన్నది రాయుండ్రి. అయిదింటికి బందైతది" అన్నాడు మధుకర్, నవ్వుతూ.

పక్క సీటు శ్రీహరి గొణిగాడు. "కోడికి గింజలేస్తుండంటే కూరకే అక్కా. నిరుడు మన బ్రాంచి వెంకటన్న ఇట్లనే మనసుల ఉన్నది రాసిండు. పదిహేను దినాలల్ల ట్రాన్స్‌ఫర్."

"యాడికి?"

"గంత దూరం, ఎల్లంతకుంట అవుతలికి. పేరు లేని సర్వే గద మరి!"

రాయడానికి శ్వేతకు చాలానే ఉంది. మధుకర్ అందరి ఫోన్లలోనూ లొకేషన్ ఆన్‌లో పెట్టించాడు, ఆదివారం కూడా ఆపొద్దన్నాడు. ఆమె అంగడికి పోయొస్తే, తెల్లారి "టమాటలెంతున్నయ్ శ్వేతా?" అంటాడు.

కానీ ఈ ఉద్యోగం పోతే? దుబాయిలో భర్త రమణ పనిచేసే కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది. ఇల్లంతా ఈమె జీతం మీదే.

మధ్యాహ్నం లింకు తెరిచింది. మొదటి ప్రశ్న, ఏ బ్రాంచి? రెండోది, స్త్రీయా, పురుషుడా? వేలు ఆగిపోయింది. బ్రాంచిలో ఉన్నది ఏడుగురు, అందులో ఆడమనిషి తానొక్కతే. ఇంక పేరెందుకు?

అప్పుడు తట్టింది. 'పురుషుడు' అని నొక్కేసింది! తనను పట్టిచ్చే టమాటల సంగతి ఒక్కటి వదిలేసి, లొకేషన్ సంగతంతా గబగబా రాసేసింది.

అంతలో శ్రీహరి మేనేజర్ గదిలోంచి వచ్చి ఆమె ఫోన్ మీదికి వంగాడు. "అక్కా, ఏం రాసినవ్? జూపియ్."

ఎందుకడుగుతున్నాడు? మధుకరే పంపాడా? ఫోన్ బోర్లా పెట్టేసింది. "నువ్వేం రాసినవ్ ముందు జెప్పు."

"అన్నిటికీ అయిదుకు అయిదు. పెండ్లాం నిండు నెలల మీదున్నది, నాకెందుకక్కా లొల్లి!"

శ్వేతకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల "నేనేమన్న దొంగనా సార్?" అని ఈ లొకేషన్ మీదే మధుకర్‌తో కొట్లాడింది శ్రీహరి ఒక్కడే. మగవాడు రాశాడంటే ఆ మేనేజర్ ఎవరిని పట్టుకుంటాడు?

అయిదుకు రెండు నిమిషాలు. అద్దాల గదిలోంచి మధుకర్ ఇటే చూస్తున్నాడు. ఆమె వేలు 'పంపు' మీద ఉంది.

మీరైతే ఏం చేస్తారు?