కొండకు మించిన పెట్టెలు

నాన్న తేనెటీగల పెట్టె పోయిన రోజున ఎండ మామూలుగానే కాసింది. ఉదయం దాని వాకిట్లో తేనెటీగలు తిరుగుతూనే ఉన్నాయి. సాయంత్రానికి లోపల మైనం పొడి, తెగిన రెక్కలు, కాళ్లు ముడుచుకుని చచ్చిన రాణి ఈగ మిగిలాయి. తేనె చుక్క లేదు.

చనిపోయిన తండ్రి చేతుల మీద పెరిగిన పెట్టె అది. ఆయన ఇద్దరు పిల్లల్లో పెద్దది, అక్క, కొండవాలున సాకుతున్న ఈగలన్నీ దాని సంతానమే. తండ్రి పోయాక ఆమె ఏడ్చింది తక్కువ, పెట్టెలు చూసుకున్నది ఎక్కువ. ఆ ఒక్క పెట్టె బతికి ఉన్నంతకాలం ఆయన పని ఆగలేదని ఆమె లెక్క.

ఆయనకొక పద్ధతి ఉండేది. మొగ్గలు విచ్చకముందే కొండంతా తిరిగి చూసి, ఆ ఏడు ఎన్ని పెట్టెలు ఉంచాలో తేల్చేవాడు. మిగిలినవి ఎంత బలమైనవైనా కిందికి దించేసేవాడు. "కొండేమీ పెళ్లివారిల్లు కాదు, వచ్చినవాళ్లందరికీ వడ్డించడానికి" అనేవాడు. తన తోడబుట్టినవాడు వచ్చి బతిమాలినా ఒక్క పెట్టెకు చోటివ్వలేదు.

ఈ ఏడు సరిగ్గా పూలు విచ్చే వేళకు వాన పట్టుకుంది. పూలలోని తేనె కడిగినట్టు పోయింది. అక్క రోజూ ఒక్కో పెట్టెను వెనకనుంచి ఒంటిచేత్తో కాస్త ఎత్తి చూసేది. లోపల ఎంత తిండి ఉందో ఆ బరువే చెబుతుంది. రోజురోజుకూ చేతికి తేలిక తగులుతోంది. నీళ్లకు లోటు లేదు, నీడకు లోటు లేదు, గాలికి లోటు లేదు. తిండి ఒక్కటే చాలదు. అది చాలనప్పుడు మిగతావన్నీ ఉన్నా లేనట్టే.

అదిగో అలాంటప్పుడు తమ్ముడు లారీ నిండా పెట్టెలేసుకుని కొండెక్కి వచ్చాడు.

"ఏంట్రా ఇది, మాట మాత్రం చెప్పకుండా?"

"కింద పొలాలకి పురుగుమందు కొడుతున్నారక్కా. అక్కడుంచితే తెల్లారేసరికి చీపురుతో ఊడ్చుకోవాలి."

"ఇక్కడ దించితే నావి ఊడ్చుకోవాలి."

"కొండేమన్నా నీ పుట్టింటి సొత్తా?"

"అవును. నీకూ అదే పుట్టిల్లు. మర్చిపోయావా?"

లారీ డ్రైవర్ మెడ మీద కుట్టినచోట రుద్దుకుంటూ దిగాడు. "మీది తేలేలోపు నన్ను దించనివ్వండమ్మా. ఇటుకలైతే నోరు మూసుకుని వస్తాయి. ఇవి దారిపొడుగునా తిడుతూనే ఉన్నాయి."

తమ్ముడు నవ్వాడు. అక్క నవ్వలేదు. కానీ అడ్డం కూడా పడలేదు. పెద్ద బండకు ఇవతల ఆమె పెట్టెలు, అవతల అతనివి. అతని ఈగలు కిందటి నెలంతా నిండు పూతలో మేసి కండపట్టినవి. ఆమెవి బక్కచిక్కాయి. ఆ మర్నాటినుంచి పొద్దెక్కేసరికి కొండమీద పూలన్నీ నాకేసిన గిన్నెల్లా ఉండేవి. ఆమె పెట్టెల వాకిళ్ల దగ్గర కావలి ఈగలు పరాయివాటిని పట్టుకుని దొర్లడం మొదలైంది.

తమ్ముడు కడుపు నిండినచోటే తిరిగినవాడు. పూత ఎక్కడుంటే పెట్టెలు అక్కడికి మోసుకుపోయేవాడు. కరువు రోజుల్లో ఆరుబయట తీపి పెట్టకూడదన్న సంగతి అతనికి అనుభవంలో లేదు. తండ్రి అయితే పొద్దుగూకాక, పెట్టె లోపలే, ఏ పెట్టెకు ఆ పెట్టెకు పెట్టేవాడు. తమ్ముడు మిట్టమధ్యాహ్నం పంచదార పాకం కాచి, పెద్ద బేసిన్‌లో పోసి, ఈగలు మునగకుండా పైన గడ్డిపరకలు పరిచి, బండ పక్కన పెట్టాడు.

చూస్తుండగానే బేసిన్ ఖాళీ అయింది. తీపి మరిగిన ఈగలు ఆ వాసన ఎక్కడుంటే అక్కడికి ఎగబడ్డాయి. అన్నిటికన్నా బలహీనంగా ఉన్న పెట్టె నాన్నది; దానిలోని తేనె మీద పడ్డాయి.

అక్క నీళ్ల బిందెతో వస్తూ ఆ రొద విన్నది. రోజూ వినే రొద కాదది. బిందె వదిలేసి పరిగెత్తింది. వాకిలి నల్లగా కమ్ముకుపోయి ఉంది. కావలి ఈగ ఒక్కొక్కదాన్ని నాలుగైదు పట్టుకుని రెక్కలు పీకుతున్నాయి. కుట్టించుకున్నది పడినచోటే చస్తోంది. చచ్చినదాని మీదనుంచి ఇంకోటి లోపలికి పోతోంది. లోపలివి మైనపు మూతలు చించుతుంటే ఆ పొడి పిండిలా రాలుతోంది. ఆమె వాకిట్లో గడ్డి కుక్కింది. తడిగుడ్డ కప్పింది. చేతులనిండా ముళ్లు దిగాయి. చెక్క సందుల్లోంచి కూడా దూరుతున్నాయి.

తలెత్తేసరికి బండ పక్కన బేసిన్, దానిలో తడి గడ్డి.

పెట్టెల్లో చట్రాలు పెకలించే ఇనుప పట్టీ నడుముననుంచి ఆమె చేతిలోకి వచ్చింది. తమ్ముడు వంగి బేసిన్ తీస్తున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది.

"అక్కా! పిచ్చా నీకు?"

"తినిపించావుగా! నాన్నని తినిపించావుగా నీ వాటికి!"

రెండో దెబ్బకు అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. మూడోది నుదుటి మీద. అతను రెండో చేత్తో ఆమెను తోశాడు. ఆమె బండ మీద పడి, పెదవి పగిలి, లేచి అతని పెట్టెలను ఒక్కొక్కటే కాలితో తన్నింది. పెట్టెలు వాలున దొర్లి విచ్చుకున్నాయి. బయటపడ్డ ఈగలన్నీ నెత్తురు కారుతున్న అతని మొహం మీదకు లేచాయి. అతను కేకలు పెట్టాడు. కాసేపటికి ఆ కేకలు గురకలయ్యాయి.

తమ్ముడు కిందికి పంపాలన్న ఖాళీ పెట్టెలకోసం వచ్చిన లారీ డ్రైవర్ తడి దుప్పటి కప్పుకుని అతన్ని లారీలోకి ఈడ్చాడు. "ఎక్కమ్మా! చూస్తావేంటి, పీక పూడుకుపోతోంది మనిషికి!" అని అరిచాడు. ఆమె ఎక్కింది. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, చెంపల్లోంచి ముళ్లు గోటితో గీకి తీసింది. అతని కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి.

"పొద్దున నీ పెట్టెలు ఎత్తి చూశానక్కా" అన్నాడు ముద్దముద్దగా. "మరీ తేలిగ్గా ఉన్నాయి. నావి బాగానే ఉన్నాయి. నీ వాటికనే పోశా."

ఆమె చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ ముళ్లు తీసింది.

ఆసుపత్రిలో సూది వేసి ఊపిరి నిలబెట్టారు. చేతికి కట్టు కట్టారు. అతను ఇప్పుడు అక్క ఇంట్లోనే, ముందుగదిలో పడుకుంటున్నాడు. ఆమె కలిపి పెడితే ఎడమచేత్తో తింటున్నాడు. ఒకరోజు తింటూ తింటూ అడిగాడు.

"నావి దించేస్తే నీవి బతుకుతాయా?"

"నాన్న పెట్టె ఎటూ లేదు. మిగతావి బతుకుతాయేమో."

"కింద ఇంకా మందు కొడుతున్నారా?"

"కొడుతున్నారు."

అతను మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. ఆమె కంచంలో ఇంకాస్త కలిపి పెట్టింది.

మళ్లీ పూత రావడానికి చాలా రోజులుంది. దొర్లగా మిగిలిన అతని పెట్టెలు, ఆమె పెట్టెలు కొండమీదే ఉన్నాయి. అన్నిటికీ అక్కడ తిండి లేదు. ఎవరివి దించాలో ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.