వేడి మీద పడిన పూత

హార్లన్‌ను పెళ్ళాడి రెండేళ్ళు నిండినా, ఆ అమెరికా పల్లెటూరి లూథరన్ చర్చి నేలమాళిగలోని వంటగదికి మార్లిస్ ఇంకా అతిథే. ఊళ్ళో ఎవరైనా పోతే, అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు భోజనం పెట్టేది ఆ వంటగది ఆడవాళ్ళే. ఎవరు ఏం వండి తేవాలో ఫోన్ చేసి చెప్పేది వాళ్ళలో పెద్దదైన ఆర్లీన్. ఆ ఫోన్ మార్లిస్‌కు ఒక్కసారీ రాలేదు. అందులో ద్వేషమేమీ లేదు. హార్లన్ మొదటి భార్య ఆర్డిస్ బతికినంతకాలం ఆ భోజనాలకు బ్రౌనీలు, అంటే చాక్లెట్ కేకు ముక్కలు, ఆమే చేసేది. ఆమె పోయాక ఆ చోటును ఖాళీగా ఉంచడమే మర్యాద అని వాళ్ళకు తోచింది.

అందువల్లనే, శరత్కాలపు విందుకు ఎవరికి తోచినది వాళ్ళు తేవచ్చునని పాస్టరు ప్రకటించగానే, మార్లిస్ బ్రౌనీలు చేయడానికే నిశ్చయించుకుంది. వేరే ఏది చేసినా అది అతిథి తెచ్చిన వంటగానే మిగులుతుందని ఆమెకు తెలుసు. ఆర్డిస్ బ్రౌనీలు బాగా చల్లారనిచ్చి, పైన చాక్లెట్ పూతను మందంగా, చాకుతో అలలు తీర్చి వేసేదని హార్లన్ చెప్పాడు.

విందు నాటి మధ్యాహ్నం ఆమె వెన్న, కోకో కరిగిస్తుండగా పొరుగు రైతు ఓర్విల్ అరువు తీసుకున్న నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. కాఫీ పోయక తప్పదు. కాసేపటికి అతను “సరే మరి” అంటూ మోకాళ్ళు తట్టుకుని లేచాడు. లేచి నిలబడి మొక్కజొన్న కోతల సంగతి, గుమ్మంలో కోడలి పంటినొప్పి, ట్రక్కు తలుపు పట్టుకుని వాన సంగతి చెప్పాడు. వీడ్కోలు ముగిసేదాకా ఇంటావిడ కదలడం ఆ పల్లెల్లో లేదు. దాంతో ట్రే ఓవెన్‌లోకి ఆలస్యంగా వెళ్ళింది. అది బయటికి వచ్చేసరికి హార్లన్ బండి తీసి ఎదురుచూస్తున్నాడు. చల్లార్చే వ్యవధి లేక, పొగలు కక్కుతున్న బ్రౌనీల మీదనే ఆమె పూత వేసింది. అది కరిగి, జారి, పగుళ్ళలోకి ఇంకిపోయింది.

“కరిగిపోయింది హార్లన్.”

“నోట్లో ఎలాగూ కరగాల్సిందేగా. రా, పాస్టరు ప్రార్థన మొదలెట్టేస్తాడు.”

ఆర్లీన్ ట్రే అందుకుని, అలల్లేని ఆ నున్నటి నలుపును చూసి, “ఇదో రకంగా ఉందే” అంది. అక్కడివాళ్ళు అంతకన్నా కఠినమైన మాట నోటితో అనరు. మార్లిస్ ట్రేను వెనక్కి తీసుకుని బల్ల చివరన పెట్టింది.

కానీ ప్రార్థన, ఆ తర్వాత మాంసం, బంగాళాదుంపల భోజనం ముగిసేలోగా ఆ పూత పైన పలుచని పెళుసు పొరగా గట్టిపడింది. లోపలికి ఇంకినది బ్రౌనీని చెమ్మగా నిలిపింది. మధ్యాహ్నమంతా ఆ వాసన పీల్చిన ఓర్విల్ మొదటి ముక్క తీసుకున్నాడు. రెండోది తీసుకుంటూ భార్యను పిలిచాడు. కొంతసేపటికి ట్రేలో ఒకే ముక్క మిగిలింది. మర్యాద మరిచి చివరి ముక్కను పూర్తిగా తినే మనిషి ఆ జిల్లాలో పుట్టలేదు గనుక ఒకరు దానిలో సగం కోసుకున్నారు, మరొకరు ఆ సగంలో సగం. బొటనవేలి గోరంత అయ్యాక కూడా పక్కన చాకు అలాగే ఉంది.

ఆర్లీన్ వచ్చి ఆ గోరంత ముక్కనూ రెండు చేసి, సగం నోట్లో వేసుకుంది.

“ఏం చేశావ్ దీనికి?”

మార్లిస్ ఓర్విల్ వీడ్కోలు కథ చెప్పింది. ఆర్లీన్ నవ్వలేదు, విసుక్కోనూ లేదు.

“ఆర్డిస్‌వి ఇలా ఉండేవి కాదు.”

“అవును. అలా చేద్దామనే అనుకున్నానండీ.”

“అలా వద్దులే. అవి ఆవిడవి.” ఆమె చాకును తుడిచింది. “బుధవారం ముసలి హెల్గా అంత్యక్రియలు. రెండు ట్రేలు తీసుకురా. మళ్ళీ బుద్ధిగా చల్లార్చుకుని కూర్చునేవు, వేడి మీదే పూయి.”

ఎన్నింటికి రమ్మంటారని మార్లిస్ అడిగింది.

“పదింటికి. వంటగది వైపు తలుపులోంచి రా. ముందు తలుపు వచ్చేపోయేవాళ్ళకి.”

ఇంటికి వెళుతూ మార్లిస్ బండిని కొట్టు దగ్గర ఆపమంది. బుధవారానికి ఇంట్లో ఉన్న వెన్న సరిపోదు.