ఓడలో మేత ఎవరు వేశారు

"అతుకు కనబడకూడదు. కాస్త నున్నగా చేసిపెట్టు," అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. "కాలరుకి అతుకెక్కడుందండీ?" అన్నాను. "చొక్కా కాదు, పుస్తకం," అంటూ ఒక లావుపాటి కాగితాల కట్టను ఇస్త్రీ బల్ల చివర పెట్టి, "గురువారం ప్రచురణ సంస్థ నుంచి ఆవిడొచ్చి తీసుకెళ్తుంది," అని వెళ్ళిపోయారు. చొక్కా అయినా పుస్తకమైనా మా ఇంట్లో ముడతలు తీసేది ఒక్కరే కాబట్టి, ఆయన రెంటినీ ఒకే బల్ల మీద పెట్టడంలో తప్పేమీ లేదు.

మా ఆయన ప్రాచీన యూదు గ్రంథాలు బోధించే ఆచార్యులు. నేనూ అదే చదివాను, అదే తరగతిలో, ఆయన పక్క బెంచీలో. ఇప్పుడు అదే విభాగంలో గంటల లెక్కన పాఠాలు చెబుతాను. మొదటి ఏడాది పిల్లలకు హీబ్రూ అక్షరాలు దిద్దించడం, గ్రంథాలను ఎన్ని రకాలుగా చదవవచ్చో చెప్పడం నా పని. తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల పక్కన పెట్టి చదివేవాళ్ళున్నారు. చేతికొచ్చిన రూపమే ముఖ్యం, దాన్ని విడగొట్టవద్దనేవాళ్ళున్నారు. పొరలు విప్పి, ఏ పొర ఎవరిదో తేల్చేవాళ్ళున్నారు. మా ఆయన ఈ మూడో రకం. బైబిల్లో నోవహు ఓడ కట్టిన జలప్రళయం కథనే తీసుకోండి. ఒకచోట ఓడలోకి జంతువులను రెండేసి చొప్పున ఎక్కించమంటుంది. కాస్త కిందికి వెళ్తే పవిత్రమైనవాటిని ఏడేసి అంటుంది. రెండు వేర్వేరు కథలను ఎవరో ఒకరు జడలా అల్లారని ఈ పండితుల వాదన. ఎవరు రాశారో పేరు తెలియదు కాబట్టి మేము రచయిత అనం, "చేయి" అంటాం. మొదటి చేయి, రెండో చేయి. వాటిని విడదీయడానికి పిల్లలకు రంగు పెన్సిళ్ళు ఇస్తాం. ఒక చేతికి ఎరుపు, ఇంకో చేతికి నీలం. ఈ పద్ధతిలో మా ఆయన దిట్ట. రెండు వాక్యాలు చూసి ఏది ఎవరిదో చెప్పేస్తారు.

ఆయన పుస్తకం కూడా జలప్రళయం మీదే. పేరుకి నేను దాన్ని టైపు చేశాను. మొదట్లో నిజంగా టైపే. తర్వాత "ఇక్కడ నాలుగు ముక్కలు పెంచు" అన్నారు. ఆ తర్వాత చిత్తు కాగితం మీద మూడు మాటలు రాసి, "దీన్ని అధ్యాయం చెయ్యి, నాకు సమావేశాలున్నాయి" అన్నారు. మూడు మాటలు అధ్యాయం ఎలా అవుతాయో ఆయన ఎప్పుడూ అడగలేదు. బియ్యం అన్నం ఎలా అవుతుందో కూడా అడగలేదు. ముందుమాటలో చివరి వాక్యం నాకోసం: "ఓపికగా టైపు చేసిపెట్టిన నా శ్రీమతికి కృతజ్ఞతలు." ఆ వాక్యాన్నీ నేనే ఓపికగా టైపు చేశాను.

ఇదంతా నేను పట్టించుకోకుండానే గడిపేసేదాన్నేమో. కానీ ఈ ఏడు మా విభాగంలో ఒక శాశ్వత ఉద్యోగం పడింది. పదిహేనేళ్ళుగా నేను చెబుతున్న పాఠాలకే. విభాగాధిపతి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీరైతే మాకు మహా సంతోషమండీ. కానీ మీ పేరున ఒక్క పుస్తకమైనా లేదు కదా, ఎలా?" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వి, "ఇంట్లో ఒకరి పేరున ఉంది కదా, చాలదూ? నువ్వు మళ్ళీ ఆ పరుగులెందుకు," అన్నారు. అత్తయ్య కూడా ఆ మాటే అంది. "మొగుడి పేరు పెళ్ళాం పేరు కాదుటమ్మాయ్?" మరి జీతం కూడా అలాగే కలిసి వస్తుందా అని అడగాలనిపించింది. దరఖాస్తుకి గడువు నెలాఖరు.

ఇంతలో ప్రచురణ సంస్థవాళ్ళు పుస్తకాన్ని ఎవరో పండితుడికి పంపి అభిప్రాయం తెప్పించారు. అది ఎవరు రాశారో చెప్పరు, అదొక ఆనవాయితీ. మా ఆయన భోజనాల దగ్గర పైకి చదివారు. "ఈ పుస్తకంలో రెండు చేతులు కనిపిస్తున్నాయి. ఒక చేయి వాదిస్తుంది, కోప్పడుతుంది, తోటి పండితుల పేర్లు ఏకరువు పెడుతుంది. రెండోది కథలో కనబడనివాళ్ళను వెతుకుతుంది. రెండూ ఒక మనిషివైతే పొందిక కుదర్చాలి." చదివి పగలబడి నవ్వారు. "చూశావా, పొరల మీద పుస్తకం రాస్తే నా పుస్తకానికే పొరలు తవ్వుతున్నాడు! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు."

అత్తయ్య పళ్ళెంలోంచి తల ఎత్తకుండా, "కూరలో రెండు చేతులు పడితే తినేవాడికి తెలియదుట్రా?" అంది.

"ఇది కూర కాదమ్మా."

"ఏదైతేనేం. ఉప్పు ఎవరేశారో నాలిక్కి తెలుస్తుంది."

నేను మా ఆయన ముఖం చూశాను. ఇప్పుడు గుర్తొస్తుందేమో అనుకున్నాను. ఆయన మజ్జిగ పోసుకున్నారు.

ఆ మర్నాడే ఇస్త్రీ బల్ల దగ్గర ఈ నున్నగా చేయడం. అరగంటలో మళ్ళీ వచ్చారు, ఒక పేజీకి చీటీ అంటించి. "మూడో అధ్యాయంలో ఈ పేరా ఒక్కటి ముట్టుకోకు. పుస్తకానికి గుండెకాయ ఇదే. మొన్న ఉపన్యాసంలో ఇది చదివితే ఎన్ని చప్పట్లు! దీన్ని రాసినప్పుడు నేను ఏదో ఊపు మీదున్నాను. మిగతా పుస్తకమంతా దీనికి తగ్గట్టు మార్చెయ్, సరిపోతుంది."

ఆ పేరా ఇది. "ఓడలో అన్ని నోళ్ళకు రోజూ మేత ఎవరు వేశారు? ఆహారం సమకూర్చుకొమ్మని నోవహుకు ఆజ్ఞ ఉంది, వేసినవాళ్ళ మాట లేదు. ఓడలో అతని భార్యా ముగ్గురు కోడళ్ళూ ఉన్నారు, పేర్లు లేవు. జంతువుల లెక్క దగ్గర కొట్టుకున్న రెండు చేతులూ ఈ ఒక్క సంగతి చెప్పకపోవడంలో ఏకమయ్యాయి."

అది రాసిన రోజు నాకు బాగా తెలుసు. అత్తయ్యకు తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. మా పాపకు పరీక్షలు. ఇంటికి వచ్చిన ఆయన స్నేహితులు హాల్లో కూర్చుని పొరల గురించి గొంతులు చించుకుంటున్నారు. నేను లోపల నలుగురికి నాలుగు రకాలు వండుతూ, పొయ్యి పక్కన నిలబడి, మందుల చీటీ వెనక రాసుకున్నాను. ఊపు కాదు, ఒళ్ళుమంట.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగకే తాను దొంగనని తెలియదు. నా కోపమంతా అక్కడే. తెలిసి తీసుకున్నవాడికి కనీసం అది ఎవరిదో గుర్తుంటుంది. మూడు వేల ఏళ్ళ నాటి ముక్కూ మొహం తెలియని మనిషి వాక్యాన్ని పోల్చుకోగల మనిషి, పాతికేళ్ళు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి వాక్యాన్ని తనదే అనుకుని మురిసిపోతున్నాడు. చొక్కా అక్కడే వదిలేసి ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపేశాను.

నున్నగా చేయడం నాకు తెలుసు. వారం పని. కానీ ఆ పాత కథను అల్లిన మనిషి గురించి ఆలోచించాను. రెండూ ఏడూ పొసగవని అతనికి తెలియకనా? చెరిపేయడం ఎంతసేపు? చెరపలేదు. రెండూ ఉంచాడు. అందుకే ఇవాళ ఇద్దరున్నారని మనకు తెలుస్తోంది. మర్నాడు తరగతి అయ్యాక పిల్లలకిచ్చే పెన్సిళ్ళ డబ్బా తెచ్చుకుని, ఖాళీగా ఉన్న తరగతి గదిలో కూర్చుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఎరుపు ఆయనది, నీలం నాది. నిజాయితీగానే వేశాను. సందేహం వచ్చిన చోటల్లా ఎరుపే వేశాను. అయినా నీలం పెన్సిల్ మళ్ళీ మళ్ళీ చెక్కుకోవలసి వచ్చింది. ఎర్రది డబ్బాలో పెట్టేటప్పుడు కూడా కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

గురువారం పొద్దున ప్రచురణ సంస్థ సంపాదకురాలు వచ్చింది. మా ఆయన లోపల ఇస్త్రీ చొక్కా కోసం వెతుకుతున్నారు. నేను కట్ట ఆమె చేతిలో పెట్టాను. రెండు పేజీలు తిప్పి, "ఈ రంగులేమిటండీ?" అంది.

"మీ పండితుడు రెండు చేతులున్నాయన్నారు కదా. ఏది ఎవరిదో చూపించాను. నీలం నాది."

నలిగిన చొక్కాతోనే బయటికొచ్చిన మా ఆయన ఆ మాట విన్నారు. ఆ రంగుల అర్థం ఆయనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. కట్ట అందుకుని, గబగబా మూడో అధ్యాయం తీశారు. చీటీ అంటించిన పేజీ నిండా నీలం.

"ఇది... ఇది నాది కదూ?" అన్నారు. బుకాయింపు కాదు. నిజంగానే అడిగారు.

"చదివి మీరే చెప్పండి. ఇది మీ విద్యే కదా."

ఆయన కుర్చీలో కూర్చుని చదివారు. మామూలుగా పెదవులు కదలవు, ఇప్పుడు కదిలాయి. ఆ పేరా అయ్యాక ముందుకు వెళ్ళకుండా మళ్ళీ మొదటినుంచి చదివారు. ఆఖరికి కాగితం కిందికి దించి, "నీదే," అన్నారు చాలా చిన్నగా.

సంపాదకురాలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మరి అట్ట మీద?"

ఆయన కాగితాలు కట్టలో సర్దారు. "రెండు పేర్లు వేయండి. నాది ముందు," అన్నాను. ఆమె సంచిలోంచి కలం తీసింది.

అప్పుడే వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. "అమ్మాయ్, వచ్చినావిడకి టీ ఎవరిస్తున్నారే?"

నేను అక్కణ్ణుంచి కదల్లేదు. నా పేరులో అక్షరాలు ఒక్కొక్కటిగా ఆమెకు చెబుతున్నాను.