బుగ్గన ముద్ద

"ఉప్పు తగ్గింది" అన్నాడు తౌఫీక్, ఆమ్లెట్ ముక్క నోట్లో పెట్టుకుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

"రోజా ఉన్న పిల్ల ఉప్పెలా చూస్తుందిరా? వేసుకుని తిను" అని అమ్మీ వంటింట్లోంచి నన్ను వెనకేసుకొచ్చింది. నేను ఉప్పు డబ్బా తెచ్చి వాడి పక్కన పెట్టాను. నిజానికి ఆ పొద్దున నాకు రోజా, అంటే రంజాన్ ఉపవాసం, లేదు. ముందురోజు మధ్యాహ్నమే నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఉపవాసం లేదు, నమాజూ లేదు. ఉండాలనుకున్నా ఉండకూడదు. అమ్మీకి ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ మాట అంది. కావాలంటే నేను ఉప్పు చూడొచ్చు, ఆ ఆమ్లెట్ మొత్తం నేనే తినెయ్యొచ్చు. కానీ మా ఇంట్లో మగవాళ్ళ కంట పడేలా తినకూడదు. తింటే ఎందుకు తింటున్నానో వాళ్ళకి తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుందో మాత్రం ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పలేదు.

ఈ ఏడు రంజాన్ సరిగ్గా ఇంటర్ పరీక్షల్లో వచ్చి పడింది. నేనూ తౌఫీకూ కవలలం. వాడు నాకంటే కాస్త ముందు పుట్టాడు. ఆ కాస్త ముందుకే మా నాయనమ్మ, దాదీ బేగం బీ, నా చేత వాణ్ణి 'భాయ్' అనిపిస్తుంది. ఇద్దరిదీ సెకండ్ ఇయర్ ఎంపీసీనే. వాడు చదివేది ఏసీ క్లాసుల కాలేజీలో, నేను చదివేది వన్‌టౌన్‌లో ఆడపిల్లల కాలేజీలో. అయితేనేం, పుస్తకాలు అవే, ప్రశ్నపత్రం అదే. కానీ ఇంట్లో మా ఇద్దరి పరీక్షా ఒకటి కాదు. "ఇంటర్లో మంచి మార్కులొస్తే నిన్నూ ఇంజనీరింగ్‌లో చేర్పిస్తా, లేదంటే ఇక్కడే భవానీపురం నుంచి వెళ్ళి వచ్చేలా డిగ్రీ చదువుకుందువుగాని" అని అబ్బా నాతో చాలాసార్లు అన్నాడు. తౌఫీక్‌తో 'లేదంటే' అన్న మాట ఎప్పుడూ అనలేదు. వాడికి మార్కులు వచ్చినా ఇంజనీరింగే, రాకపోయినా ఇంజనీరింగే.

నెల మొదలయ్యే ముందు అబ్బా పరుపుల కొట్టు మూసి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "పరీక్షలప్పుడు తౌఫీక్‌కి రోజాలొద్దులే, తర్వాత పట్టుకుంటాడు" అన్నాడు. "అవును పాపం, మగపిల్లాడు, ఆకలికి ఆగలేడు" అంది దాదీ. నా సంగతేమిటని నేను అడగలేదు. అడిగితే అబ్బా ఏమంటాడో నాకు ముందే తెలుసు. "నువ్వు వాడిలాగా కాదుగా బేటీ, నువ్వు గట్టిదానివి" అంటాడు. మా ఇంట్లో పనులన్నీ నా మీదికి మెచ్చుకోళ్ళ రూపంలోనే వస్తాయి. నీ చేతి పకోడీ కరకరలాడుతుంది అంటారు, ఇక నెలంతా పకోడీలు నావే. నీకు తెల్లారుజామున ఇట్టే మెలకువ వస్తుంది అంటారు, ఇక తెల్లవారకముందు తినే సహరీకి అందర్నీ లేపే పని నాదే. నేను గట్టిదాన్నని ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

అలాగని రోజా అంటే నాకు ఇష్టం లేక కాదు. చిన్నప్పుడు మొదటి రోజా పట్టిన రోజు నాకు పూలదండ వేసి, కొత్త బట్టలు కట్టి వీధిలో అందరికీ చూపించారు. సాయంత్రం ఖర్జూరం నాలుక మీద పెట్టుకోగానే వచ్చే తృప్తి నాకు మరెందులోనూ దొరకలేదు. నన్ను విసిగించింది రోజా కాదు, దాని చుట్టూ పేరుకున్న చాకిరీ. తెల్లవారకముందే రొట్టెలు, పొద్దున్నే తౌఫీక్‌కి టిఫిను, మధ్యాహ్నం వాడికీ దాదీకీ అన్నం, సాయంత్రం ఇఫ్తార్. దాదీకి షుగరు, ఆమెకి రోజా లేదు. తౌఫీక్‌కి పరీక్షలు, వాడికీ లేదు. వాడు రోజా లేకపోయినా ఇఫ్తార్‌కి మాత్రం అందరికంటే ముందు వచ్చి కూర్చుని, పుచ్చకాయలో మధ్య ముక్కలు ఏరుకుంటాడు. పెనం ముందు నిలబడి ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇండక్షన్ చదివితే ఎంత బుర్రకెక్కుతుందో నన్ను అడగండి చెబుతాను.

నెలసరి రోజుల్లో చాకిరీకి నటన కూడా తోడవుతుంది. రోజా ఉన్నట్టే సహరీకి లేవాలి, రోజా ఉన్నట్టే పెదాలు ఎండబెట్టుకుని తిరగాలి, ఇఫ్తార్ వేళ అందరితో పాటు ఖర్జూరం చేత్తో పట్టుకుని అజాన్ కోసం చెవులు రిక్కించాలి. ఆకలేస్తే వంటింట్లో దాక్కోవాలి. మా వంటింటికి తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే. అమ్మీ బియ్యం డ్రమ్ము వెనక డబ్బాలో రొట్టె దాచి, నాతో మెల్లిగా "నమాజు లేదుగా, తినెయ్" అంటుంది. నెలసరికి మా ఇంటి ఆడవాళ్ళ మాట అదే. ఒక్కోసారి అమ్మీవీ నావీ అవే రోజులు. అప్పుడు ఒకరు తింటుంటే ఒకరు కర్టెన్ దగ్గర కాపలా కాస్తాం. మా ఇంట్లో మా అన్నం మేమే దొంగతనం చేస్తాం.

అమ్మీకి ఇందులో ఎంత అనుభవమంటే, తింటుండగా అబ్బా అడుగుల చప్పుడు వినిపిస్తే ముద్దని చటుక్కున బుగ్గన పెట్టేసి, పెదాలు బిగించి, ఏ గిన్నో తోముతున్నట్టు అటు తిరిగిపోతుంది. అబ్బా ఏదన్నా అడిగితే తలతోనే జవాబు చెబుతుంది. ఆయన వెళ్ళేదాకా ఆ ముద్ద నమలదు, మింగదు. ఒకసారి వేడి వేడి ఆలుగడ్డ అలాగే పెట్టుకుని నాలుక కాల్చుకుంది. ఆ సాయంత్రం అందరికీ వడ్డించి, తను మాత్రం చల్లని మజ్జిగ తాగి లేచింది. "ఎందుకమ్మీ ఇంత యాతన?" అని అడిగితే, "మా అత్త నాకిలాగే నేర్పింది. సిగ్గు కదే" అంది. ఎవరికి సిగ్గు అని అడిగాను. అమ్మీ నా చేతికి వెల్లుల్లి ఇచ్చి ఒలవమంది.

తౌఫీక్ ఉప్పు తగ్గిందన్న రోజు మ్యాథ్స్ పరీక్ష. సహరీలో కడుపునొప్పితో నాకు ముద్ద దిగలేదు, వడ్డించడంతోనే సరిపోయింది. తెల్లారాక మాత్ర వేసుకుందామంటే ముందు ఏదన్నా తినాలి. ముందుగదిలో అబ్బా పేపరు పట్టుకుని కూర్చున్నాడు, ఆయన ముందు తౌఫీక్ దర్జాగా టిఫిను తింటున్నాడు, మధ్యలో దాదీ టీ కోసం పిలుస్తోంది. "పోనీ బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి తినేసి రా" అని అమ్మీ కొంగు చాటున రొట్టె పెట్టి ఇచ్చింది. ఎంత ఆకలైనా అక్కడ కూర్చుని తినడం నా వల్ల కాలేదు. రొట్టె తిరిగి డబ్బాలో పెట్టేశాను. అబ్బా బండి మీద తౌఫీక్‌ని సెంటర్‌కి తీసుకెళ్ళాడు. నేను షేర్ ఆటోలో వెళ్ళాను.

పరీక్ష సగం అయ్యేసరికి అంకెలు కాగితం మీద ఈదుతున్నట్టు అనిపించింది. అటెండర్ రావమ్మ బకెట్టూ గ్లాసూ పట్టుకుని వరసగా అందరికీ నీళ్ళు ఇస్తూ వస్తోంది. ఆ చప్పుడు వింటూ నేను రాయడం మానేసి ఎదురు చూశాను. నా బెంచీ దాకా రాగానే ఇన్విజిలేటర్ మేడం నా స్కార్ఫ్ వైపు చూసి, ఎంతో గౌరవంగా, "ఆ అమ్మాయికి వద్దు రావమ్మా, వాళ్ళకి ఉపవాసాలు గదా. ముందు పెట్టి ఊరించినట్టు ఉంటది" అంది. "అయ్యో, అవునండీ, చూసుకోలేదు. ఏమనుకోకమ్మా" అని రావమ్మ నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. మేడం నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నీళ్ళు కావాలండీ అంటే అయిపోయేది. కానీ అనలేకపోయాను. అంటే, ఎందుకు తాగుతున్నానో హాల్లో అందరికీ తెలిసిపోతుందని భయం. ఇంట్లో నేర్చుకున్న సిగ్గు అక్కడికి కూడా నాతోనే వచ్చింది. బైనామియల్ పెద్ద లెక్క, నిద్రలో లేపినా చేసేది, సగంలో వదిలేశాను.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. నా స్నేహితురాలు మనోజ్ఞ బిస్కెట్ ప్యాకెట్ తీసి, నన్ను చూసి గబుక్కున బ్యాగులో దాచేసింది. "సారీ గుల్షన్, మర్చిపోయానే" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఉన్నదంతా చెప్పాను. మనోజ్ఞ నోరు తెరుచుకుని విన్నది.

"అంటే రోజా లేకుండానే పస్తున్నావా? పుణ్యం కూడా రాదుగా?"

"రాదు. రెంటికీ చెడ్డ రేవడినన్నమాట."

"మీ ఇల్లే నయం అనుకున్నానే ఇన్నాళ్ళూ. కూచిపూడిలో మా నాయనమ్మ ఉంది చూడు, నాకు డేటొస్తే వసారాలో చాప వేసి, దారినపోయే వాళ్ళందరికీ 'మా మనవరాలు బయటుంది, ముట్టుకోమాకండి' అని చెప్తది. పాలవాడిక్కూడా తెలియాల్సిందే."

"మా ఇంట్లో గోడక్కూడా తెలియకూడదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. కడుపు నొప్పెట్టినా నవ్వాను. తర్వాత మనోజ్ఞ ప్యాకెట్ నా చేతిలో పెట్టింది. ఆ మెట్ల మీదే, అందరూ చూస్తుండగా, ప్యాకెట్ ఖాళీ చేశాను. రావమ్మ బకెట్టు తీసుకుని వెళుతూ నన్ను చూసింది. ఆగి గ్లాసు నిండా నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆమెకి తెలిసిపోయిందనుకుంటా. అయినా ఏమీ కాలేదు.

సాయంత్రం అబ్బా తౌఫీక్‌ని "ఎలా రాశావురా?" అని అడిగి, తర్వాత నన్ను కూడా అడిగాడు. పెద్ద లెక్క వదిలేశానని చెప్పాను. "చూశావా, కాస్త శ్రద్ధ పెట్టాలి బేటీ. ఇలా అయితే డిగ్రీయే మరి" అన్నాడు, కోపంగా కాదు, మామూలుగానే. ఆయనకి ఏమీ తెలియదు. తెలియకుండా మేమే ఇంతమందిమి కష్టపడి దాచాం. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. పకోడీల పిండి కలుపుతూ, ఇంజనీరింగ్ సీటు నేను చదవక కాదు, ఒక రొట్టె ముక్క దాక్కుని తినలేక పోగొట్టుకోబోతున్నానని అర్థమై భయమేసింది.

ఫిజిక్స్ పరీక్ష రోజుకి నాకింకా నమాజు లేదు. పొద్దున్న తౌఫీక్‌కి ఆమ్లెట్ వేశాను. అదే పెనం మీద ఇంకొకటి వేశాను. గరిటె చివర కాస్త తీసి నాలుక మీద పెట్టుకుని ఉప్పు చూశాను, సరిపోయింది. రెండు రొట్టెలు పళ్ళెంలో పెట్టుకున్నాను. అమ్మీ ఆ పళ్ళేన్ని చూసి, తనే కర్టెన్ దగ్గర కాపలా నిలబడబోయింది. "వద్దమ్మీ" అని, ఆమెని దాటుకుని ముందుగదిలోకి వెళ్ళి, నేల మీద భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద తౌఫీక్ ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను.

అబ్బా పేపరు కిందికి దించాడు. "బేటీ, రోజా..."

"లేదు అబ్బా. నాకు నమాజు లేదు."

ఆ మాట మా ఇంటి ముందుగదిలో అంతకుముందెప్పుడూ వినపడి ఉండదు. మంచం మీద దాదీ చెంపలేసుకుంది. "తోబా, తోబా! మగాళ్ళ ముందు ఆ మాటలేంటే? సిగ్గుండక్కర్లా?"

"ఈ రోజుల్లో రోజా వద్దన్నది అల్లాహే కదా దాదీ. దాక్కుని తినమని ఆయన చెప్పలేదు" అన్నాను. "ఇవాళ నాకు ఫిజిక్స్ పరీక్ష. తినకపోతే రాయలేను."

తౌఫీక్ నమలడం ఆపేశాడు. వాడి మొహంలో వెక్కిరింత కోసం వెతికాను, లేదు. "మ్యాథ్స్ రోజు కూడానా? ఏం తినకుండానే వెళ్ళావా?" అన్నాడు మెల్లిగా. నేను తలూపాను. వాడు తన గ్లాసులో నీళ్ళు నా వైపు జరిపాడు. పుస్తకం మూసేశాడు.

అబ్బా పేపరు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. మా వైపు చూడకుండా, "నుస్రత్" అని అమ్మీని పిలిచాడు. జవాబు లేదు. "నుస్రత్, నిన్నే. పిల్ల మొన్న కూడా తినలేదా? నీకు తెలుసా?"

అమ్మీ కర్టెన్ తొలగించి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెదాలు బిగించి ఉన్నాయి, కుడి బుగ్గ ఉబ్బి ఉంది. ఈసారి ఇద్దరివీ అవే రోజులని నాకు తెలుసు. అబ్బా ఆమె మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు. ఆమె అలవాటుగా తలతో జవాబు చెబుతుందనీ, అటు తిరిగిపోతుందనీ అనుకున్నాను. నేను పక్కకి జరిగి దస్తర్‌ఖాన్ మీద చోటు చేశాను.

అమ్మీ ఒకసారి నన్ను చూసింది. తర్వాత అక్కడే, అబ్బా కళ్ళ ముందే, బుగ్గనున్న ముద్దని మెల్లిగా నమలడం మొదలుపెట్టింది.