పొక్కని టీకా

“ఈ మశూచి నా పిల్లకీ అంటుకుంటుందేమో అత్తా!” అని నఫూసా ముందునుంచీ భయపడుతూనే ఉంది. ఇప్పుడు తంతా పట్నం బడిలో కూతురు వజీదా పక్కన కూర్చునే పిల్లకే ఒళ్లంతా పొక్కులు లేచాయి.

బడికి డాక్టరు వచ్చి టీకాలు వేసి వారమైంది. మిగతా పిల్లలందరికీ వేసినచోట పుండై చేతులు వాచాయి. వజీదా చేయి మాత్రం నున్నగా ఉంది.

“ఆ డాక్టరు ఉత్త నీళ్లు పొడిచాడు! రేపు వాడి మీసాలు పీకి చేతిలో పెడతాను!” అని నఫూసా అరిచింది. అత్త బహియ్యా తలెత్తకుండా చిక్కుళ్లు ఒలుస్తోంది.

“పలకవేం? ఆ రోజు బడి నుంచి వచ్చాక పిల్ల నీ దగ్గరే కదా ఉంది!”

గింజలన్నీ అయిపోయాయి. ముసలామె ఖాళీ తొక్కలనే మళ్లీ ఒలుస్తూ కూర్చుంది.

“విషమనుకున్నానే తల్లీ,” అంది చివరికి. “రాగానే టీకా పొడిచినచోట నిమ్మచెక్కతో రుద్ది కడిగేశాను. మా అమ్మ మాకూ అలాగే చేసింది.”