పల్లపు వీధికి ఒక వాక్యం

ఆకు కాలింది. నిప్పు లేదు.

వేళ్ళ మధ్య నొక్కితే నీరు వచ్చింది. ఉడికిన ఆకుకూర వాసన.

టమాటా నారు, మిరప నారు, వంగ నారు — వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ప్రతి పెరట్లో, ప్రతి మడిలో. రాత్రి ఆకుపచ్చగా ఉన్నవి. తెల్లారేసరికి నల్లగా నేలకి అంటుకున్నాయి.

ఒక్క పెరట్లో తప్ప.

ఆ పెరట్లో మడుల మీద దుప్పట్లు పరిచి ఉన్నాయి. దుప్పట్లు చాలని చోట కిటికీ తెరలు. అంచుల మీద ఇటుకలు. కింద నారు నిలబడి ఉంది.

అది ఆమె పిన్ని పెరడు.

ఆమె రేడియోలో వాతావరణం చదువుతుంది. ఈ ప్రాంతమంతటికీ రానున్న వారం ఎలా ఉంటుందో ఆమే రాస్తుంది, ఆమే చదువుతుంది. పిన్ని వీధిలో ఆమె పేరు వానమ్మాయి. వాన వస్తే ఆమె తెచ్చినట్టు, రాకపోతే ఆమె దాచుకున్నట్టు మాట్లాడతారు. వేళాకోళం అది. నిన్నటి దాకా.

వసంతంలో ఆ వీధికి నారే బతుకు. చలికాలమంతా విత్తు, మట్టి, నీళ్ళు. ఈ వారం సంతకి వెళ్ళాల్సిన నారు.

ఇక నిన్న...

నిన్న ఆమె రాసుకున్నదాంట్లో ఒక వాక్యం ఎక్కువైంది. అద్దం అవతల ప్రొడ్యూసర్ వేలు ఎత్తాడు.

"ఒక లైను తీసెయ్యండి మేడమ్. పాట ముందుకొచ్చింది."

రెండు వాక్యాల మధ్య ఆమె పెన్ను ఆగింది.

వారాంతంలో ఎండ కాస్తుంది, బయట తిరగడానికి అనుకూలం.

పల్లపు చోట్ల తెల్లవారుజామున నేల మీద మంచు పేరుకోవచ్చు, లేత మొక్కలు కప్పి ఉంచండి.

రెండూ ఒకే ఆకాశం. మేఘం లేని ఆకాశం. పగలు ఎండనిస్తుంది. రాత్రి భూమిలోని వేడిని ఆపదు.

ఎండ అందరిదీ. పల్లం కొందరిది.

కొందరిది కొట్టేసింది.

కనిష్ఠం నాలుగు డిగ్రీలు అని చదివింది. అబద్ధం కాదు. ప్రాంతమంతటికీ అది నిజం. పల్లపు వీధికి కాదు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కడే పెరిగింది. నీరు పల్లమెరుగు అంటారు. చలి కూడా ఎరుగును. పొద్దు వాలాక గుట్ట మీంచి దిగుతుంది. ఆ వీధిలోకి చేరుతుంది. ఇక కదలదు.

స్టూడియో మెట్లు దిగుతూ ఫోన్ చేసింది.

"పిన్నీ, ఇవాళ నారు కప్పెయ్."

"అలాగేలే. నువ్వు తిన్నావా?"

అంతే.

తర్వాత ఇంకో బులెటిన్ ఉంది. అందులో చోటు ఉంది. ఆ వాక్యం చదవొచ్చు. చదవలేదు. మర్చిపోయి ఉంటే బాగుండేది. మర్చిపోలేదు... పిన్నికి చెప్పాక, అందరికీ చెప్పేసినట్టే అనిపించింది. బరువు దిగిపోయింది. ఇంటికి వెళ్ళి నిద్రపోయింది.

బాగా నిద్రపట్టింది.

పొద్దున పిన్ని ఫోన్ చేసి రమ్మంది. వచ్చేసరికి ఎదురింటి మేస్త్రి భార్య కంచె దగ్గర నిలబడి ఉంది. చేతిలో మిరప మొక్క. మొక్క కాదు, నల్లటి పీచు.

"రేడియోలో లేని మాట మీ దుప్పట్లకి ఎవరు చెప్పారు వదినా?"

పిన్ని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. చెయ్యి తడిగా లేదు.

"మా అమ్మాయి రేడియోలో కూడా చెప్పే ఉంటుందనుకున్నా."

"చెప్పింది. షికారుకెళ్ళమంది."

"ఊరుకోవే," అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి. "వాళ్ళకి ఆకాశం చుట్టం. మనకెవరున్నారు?"

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. అరిస్తే జవాబు చెప్పొచ్చు, ఏడవొచ్చు, తలుపేసుకోవచ్చు.

వంటింట్లో పిన్ని నీళ్ళు తాగింది. గ్లాసు కడిగింది. మళ్ళీ కడిగింది.

"సాయంత్రం చూశానే. ఎవరూ కప్పలేదు. కప్పుకుంటారులే అనుకున్నా. అడగాల్సింది." కుళాయి కట్టేసింది. "నాకొక్కదానికే ఎందుకు చెప్పావే?"

కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలని అడిగింది.

ఆమె వారం ముందుగా ఆకాశం సంగతి చెప్పగలదు. ఇది చెప్పలేకపోయింది.

తర్వాతి రోజుల్లో పిన్ని ఒక ట్రే నిండా నారు తీసుకుని ఎదురింటికి వెళ్ళింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

"మాకొద్దు వదినా. మా మడి అలా ఉండనీ."

మేస్త్రి భార్య పెరటి తలుపు తోసుకుని వచ్చే మనిషి. ఉప్పుకని వచ్చేది, పొయ్యి దగ్గర కూర్చుని వీధి సంగతులన్నీ వడబోసి, ఉప్పు మర్చిపోయి వెళ్ళేది. ఆ తలుపు ఇప్పుడు గాలికి తప్ప కదలడం లేదు.

పిన్ని సంతకి వెళ్ళలేదు. అక్కడ ఇంకెవరి దగ్గరా నారు లేదు. మంచి ధర వస్తుంది. అందుకే వెళ్ళలేదు.

మళ్ళీ వారం తిరిగింది. మళ్ళీ మేఘం లేని ఆకాశం.

ఈసారి ఆమె ఆ వాక్యమే ముందు రాసింది. ప్రొడ్యూసర్ చూశాడు.

"ఎండ ఎక్కడికి పోయింది మేడమ్?"

"తీసేశాను."

మైకు ముందు కూర్చుంది. పల్లపు చోట్ల... నెమ్మదిగా చదివింది. లేత మొక్కలు కప్పి ఉంచండి... మళ్ళీ చదివింది. చదువుతూ ఉండగానే తెలిసింది.

ఎవరికి చదువుతోంది?

ఆ వీధిలో కప్పుకోవడానికి ఇంకేం మిగిలింది? ఒక్క పెరడు.

పోయిన వారం పిన్నికి చెవిలో చెప్పింది. ఈ వారం పిన్నికి మైకులో చెప్పింది.

పొద్దు వాలకముందే బయల్దేరి వెళ్ళింది. గాలి లేదు. పిన్ని పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. దుప్పట్లు మడతపెట్టి పక్కన ఉన్నాయి. నారు మడుల్లో, పైన ఏమీ లేకుండా.

"పిన్నీ, వినలేదా?"

"విన్నా. బాగా చదివావు. ఎక్కడా తడబడలేదు."

"కప్పలేదేం మరి?"

పిన్ని ఎదురింటి వైపు చూసింది. కిటికీ మూసి ఉంది. లోపల రేడియో మోగుతోంది, ఆమె గొంతే, సాయంత్రం బులెటిన్‌లో రికార్డు వేస్తున్నారు. లేత మొక్కలు కప్పి ఉంచండి.

"ఇవి పోతే," అంది పిన్ని, "అది మళ్ళీ ఉప్పుకొస్తుందేమో."

"ఇంత నారు పిన్నీ... చలికాలమంతా పెంచావు."

"దానిది కూడా చలికాలమంతా పెంచిందే."

ఆమె దుప్పటి ఒకటి తీసుకుంది. విప్పింది. ఒక అంచు పట్టుకుని మడి దగ్గర నిలబడింది. దుప్పటి పెద్దది. వారంలో నారు ఏపుగా పెరిగింది, ఒక మనిషి ఈడిస్తే మొక్కలు విరుగుతాయి. అవతలి అంచు ఇంకొకరు పట్టుకోవాలి.

పిన్ని లేవలేదు. వద్దనీ అనలేదు.

గుట్ట వెనక వెలుతురు పోయింది. ముందు పాదాలకి తెలిసింది చలి. తర్వాత మోకాళ్ళకి.

వంగి ఒక ఆకుని వేళ్ళ మధ్య పట్టుకుంది. నొక్కలేదు.

పచ్చగానే ఉంది. ఇంకా...